ముప్పై ఏడు డిగ్రీల పెట్టె

షుగర్ జబ్బుకు విరుగుడు వెతుకుతున్న డాక్టర్ దేవేంద్రప్పను ఇన్సులిన్ సూదితోనే చంపేశారు. కడపలో, పట్టపగలు, ఆయన ల్యాబ్‌లోనే. ఆ తర్వాత కణాలు పెంచే కల్చర్ గది తగలబెట్టారు. ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్ కణాలున్న ఒక్క ఫ్లాస్కును మాత్రం ఎత్తుకుపోయారు.

“విదేశీ ముఠా పని,” అన్నాడు చీఫ్ ఫోన్‌లో. “రేపు పదింటికి గండికోటలో సరుకు చేతులు మారుతుంది. ముఠాలో మన మనిషి యామిని. పెట్టె నీకే ఇస్తుంది.”

“ఎస్ సార్,” అన్నాడు ఏజెంట్ దావీదురాజు. తన తొమ్మిదేళ్ల కూతురు మహిమకు రోజుకు నాలుగు సూదులు పడతాయని చెప్పలేదు. చెబితే ఈ కేసు వేరేవాళ్లకు పోతుంది.

మర్నాడు కోట అంచున అతను షర్బత్ బండి పెట్టాడు. షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు, భుజాన కెమెరా బ్యాగు. యామిని నడిచొస్తుంటే టూరిస్టులు లోయ చూడటం మానేశారు.

“నన్నారి చల్లగుండాదా?”

“ఒంటి వేడంత ఉండాదమ్మా.”

కోడ్ కలిసింది. బ్యాగు అందుకుని లోపలి పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. బతికున్న కణాలకు ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనం కావాలి.

“ఇది ఉత్తది.”

“అసలుది పోతాండాది చూడు,” అంది యామిని, హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీస్తూ.

గోడ అవతల ఇంకో పెట్టెతో డ్రోన్ లేస్తోంది. దావీదురాజు షర్బత్ జగ్గు ఆమె మొహాన కొట్టి పరిగెత్తాడు. గుండు చెవి పక్కనుంచి పోయింది. బండరాయి అంచునుంచి ఎగిరి, డ్రోన్ కాళ్లు పట్టుకుని వెనక్కి లాగాడు. మోచెయ్యి విరిగింది. గుండెలమీద పెట్టె వెచ్చగా ఉంది.

పోలీసులు బేడీలు వేస్తుంటే యామిని అడిగింది. “ఎవరికోసరమప్పా ఇంత తెగించినావు?”

“నా బిడ్డకోసరం.”

ఆమె నవ్వలేదు. “ఆ డాక్టరు ల్యాబ్ ఓనర్ భూపేష్ మమ్మల్ని పెట్టుకున్న విదేశీ కంపెనీతో ఆరునెల్లుగా బేరమాడతాండాడు. రేటు కుదరకనే మమ్మల్ని పంపినారు.”

అతను నమ్మలేదు. ఆ సాయంత్రమే సూదుల బాధ తప్పుతుందని మహిమకు మాటిచ్చాడు.

మూడు నెలలకు రేటు కుదిరింది. ఆ కణాల మీద హక్కులన్నీ ఆ విదేశీ కంపెనీకే. ఇక్కడ జరగాల్సిన ట్రయల్స్ రద్దు, వాటిలో చేర్చాల్సిన పిల్లల్లో మహిమ పేరున్న లిస్టూ రద్దు. ఒప్పందం రోజు సెక్యూరిటీ డ్యూటీ దావీదురాజుకే పడింది.

సంతకం దగ్గర భూపేష్ పెన్ను రాయలేదు. దావీదురాజు తన జేబులోది తీసిచ్చాడు. విదేశీ ప్రతినిధి అనుమానంగా దాన్ని తిప్పి చూశాడు.

“కెమెరా లేదు సార్,” అన్నాడు దావీదురాజు. “ఈసారి అంతా లీగలే.”