టైమ్ ఎవరు పెట్టారు?

గురువారం ఉదయం తొమ్మిదింటికి లెక్కల పరీక్ష. ఎనిమిదిన్నరకే ఆ పేపరు స్కూలు గేటు బయట పిల్లల ఫోన్లలో తిరుగుతోంది. ఇరవై ప్రశ్నలు. అక్షరం పొల్లు పోలేదు.

పరీక్ష రద్దయింది. గంటలో పోలీసులు దిగారు.

ఆ పేపరు తయారుచేసింది ఒక్క మనిషే. టీచరమ్మ. మచ్చలేని సర్వీసు. పేపరు బోర్డుకు పంపాక ఇంట్లో కాపీ ఉంచకూడదని రూల్. ఆవిడ ఉంచింది. ఇంట్లో మూలుగుతున్న పాత కంప్యూటర్లో, ఫోల్డర్ లోపల ఫోల్డర్‌లో దాచి, ఎవరు చూడొచ్చారులే అనుకుంది.

ఆ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. ఫైళ్ళన్నీ మాయమైపోయాయి. తెర నిండా పిచ్చి పిచ్చి ప్రకటనలు. పెద్ద షోరూమ్ వాడు చూసి, "దీన్ని బాగుచెయ్యడం కన్నా కొత్తది కొనుక్కోవడం నయం మేడమ్" అన్నాడు. కొత్తది కొనే స్తోమత ఉంటే వాడి దగ్గరికి ఎందుకెళ్తుంది పాపం? సందు చివర మెట్ల కింద చిన్న షాపు పెట్టుకున్న మెకానిక్‌కి సోమవారం అప్పజెప్పింది. అతను బుధవారం తెచ్చి ఇచ్చాడు. గురువారం పేపరు బజారున పడింది.

ఇంకేం కావాలి? శుక్రవారం సాయంత్రానికి మెకానిక్ లాకప్‌లో ఉన్నాడు. షాపుకి సీలు పడింది.

పోలీస్ ల్యాబ్ రిపోర్ట్ కూడా అతని మెడకే చుట్టుకుంది. పేపరున్న ఫైల్‌ని తెరిచింది బుధవారం సాయంత్రం 4:40కి. కంప్యూటర్ ఇంటికొచ్చింది ఐదున్నరకని టీచరమ్మ అక్కయ్య చెప్పింది. నాలుగింటికే ఇచ్చి వెళ్ళానని మెకానిక్ మొత్తుకున్నాడు. చూసినవాళ్ళు లేరు. మెట్ల కింద షాపువాడి మాట నమ్మేదెవరు?

"షాపులో పద్నాలుగు మంది కంప్యూటర్లున్నాయి మేడమ్. నన్ను నమ్మి ఇచ్చారు. ఇవాళ జైలుకి పంపిస్తే ఇంక నా మొహం ఎవరూ చూడరు" అన్నాడతను, శనివారం పొద్దున్నే.

ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్ చేతిలోకి తీసుకుంది. ఆవిడకి మోకాలి నొప్పి, నొప్పికి తగ్గ కోపం. రిపోర్ట్‌లో మొదటి పేజీ చూసి అందరూ ఆగిపోయారు. ఆవిడ మూడో పేజీ చదువుతోంది.

"ఇదేంటి?"

హెడ్ కానిస్టేబుల్ తొంగిచూశాడు. "వైరస్ క్లీన్ చేసిన రికార్డు మేడమ్."

"తేదీ చూడు."

"జనవరి ఒకటి... పద్నాలుగేళ్ళ కిందటిది. డొక్కు కంప్యూటర్ కదా మేడమ్, తేదీలు తప్పు చూపిస్తుంది."

"మరి బుధవారం నాలుగూ నలభై ఒక్కటే సరిగ్గా చూపించిందేం?"

హెడ్ బుర్ర గోక్కున్నాడు.

పన్నెండింటికి మెకానిక్‌ని కోర్టులో హాజరుపరచాలి. ఆవిడ గోడ గడియారం చూసింది. పదింబావు. "జీప్ తియ్. ఆ కంప్యూటర్‌నీ ఎక్కించు, ఇతన్నీ ఎక్కించు."

టీచరమ్మ ఇంటి ముందుగది చిన్నది. కిటికీ పక్కన కుట్టుమిషన్. గోడవారగా కంప్యూటర్ బల్ల. అక్కాచెల్లెళ్ళిద్దరూ కుర్చీల అంచున కూర్చున్నారు. అక్కయ్యా, ఆవిడ కూతురూ ఈ ఇంట్లోనే ఉంటారు. కూతురు అదే లెక్కల పరీక్ష మూడోసారి రాస్తోంది. ఆ సంగతి టీచరమ్మ బోర్డుకు చెప్పలేదు. చెబితే పేపరు తయారుచేసే పని ఇవ్వరు. పోలీసులు ఆ పిల్ల ఫోన్ చూశారు. పేపరు ఫొటో గానీ, మెసేజ్ గానీ అందులో కనబడలేదు.

"అమ్మాయేదీ?"

"స్నేహితురాలింటికి పంపానండీ. రెండ్రోజుల్నుంచి అన్నం ముట్టడం లేదు" అంది అక్కయ్య.

మెకానిక్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. టీచరమ్మ అతని వైపు చూడలేదు.

"అమ్మా, బుధవారం ఇతనొచ్చినప్పుడు ఏమన్నాడు?" ఇన్‌స్పెక్టర్ అక్కయ్యనే అడిగింది.

"వైరస్ దాచేసిన ఫైళ్ళన్నీ బయటికి తీశాను, అన్నీ ఉన్నాయో లేదో చూసుకోమన్నాడండీ."

"చూసుకున్నారా?"

"అయ్యో, నాకెక్కడొచ్చండీ!"

"ఆన్ చేశారా?"

"వేలు కూడా పెట్టలేదు. చెల్లెలొచ్చేదాకా అలాగే ఉంది."

"ఈ మాట కోర్టులో కూడా చెబుతారా?"

అక్కయ్య కొంగు భుజం మీదికి లాక్కుంది. "చెబుతానండీ."

ఇన్‌స్పెక్టర్ టీచరమ్మ వైపు తిరిగింది. "ప్లగ్ పెట్టి ఆన్ చెయ్యండి."

కంప్యూటర్ గురగురమంది. చాలాసేపటికి తెర వెలిగింది. టీచరమ్మ చెయ్యి తనంతట తానే మౌస్‌ని తెర మూలకు లాగింది. తేదీ మార్చింది. గోడ గడియారం చూసి టైమ్ మార్చింది. 10:50.

"ఏం చేస్తున్నారు?"

"టైమ్ పెడుతున్నా. ప్లగ్ తీస్తే చాలు, జనవరి ఒకటికి వెళ్ళిపోతుంది. తేదీ సరిగ్గా లేకపోతే ఇంటర్నెట్ తెరుచుకోదు. లోపల చిన్న బ్యాటరీ ఉంటుందట, అది అయిపోయింది. మార్చమంటారా అని ఇతను అడిగాడు. ఇప్పటికే ఖర్చు ఎక్కువైంది, వద్దన్నాను."

"అంటే ఇంట్లో ఎవరు ఆన్ చేసినా ముందు టైమ్ పెడతారు."

"అలవాటైపోయింది."

"ఎవరెవరికి?"

టీచరమ్మ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"సరే, అది తర్వాత. బుధవారం స్కూలు నుంచి ఎన్నింటికొచ్చారు?"

"ఆరింటికి."

"కంప్యూటర్ దగ్గర కూర్చున్నారా?"

"కూర్చున్నాను."

"టైమ్ పెట్టారా?"

కుట్టుమిషన్ మీది గుడ్డని అక్కయ్య ఊరికే మడతపెడుతోంది.

"టీచర్‌గారూ, మిమ్మల్నే. టైమ్ పెట్టారా, లేదా?"

"లేదు."

"ఎందుకు పెట్టలేదు?"

"అప్పటికే... సరిగ్గా ఉంది."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. మోకాలు పట్టుకుని మూలిగింది.

"ఇతను షాపులో రెండ్రోజులు పనిచేశాడు. ఒక్కసారి కూడా టైమ్ పెట్టలేదు. అతని పని మొత్తం జనవరి ఒకటి కిందే ఉంది. పోనీ, చివర్లో పెట్టాడే అనుకుందాం. ప్లగ్ పీకి ఇక్కడికి తెచ్చేసరికి అది ఎగిరిపోవాలి కదా? మీరు ఆరింటికి కూర్చునేసరికి మళ్ళీ జనవరి ఒకటే కనబడాలి. కనబడలేదు. అంటే ఈ బల్ల మీదికి వచ్చాకే ఎవరో ఆన్ చేశారు, అలవాటు కొద్దీ టైమ్ పెట్టారు, నాలుగూ నలభైకి ఫైల్ తెరిచారు. అప్పుడు ఇంట్లో ఉన్నదెవరు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ డొక్కు పట్టింది." మళ్ళీ టీచరమ్మ వైపు చూసింది. "మీకు ముందే తెలుసా?"

"ఆ రోజు పట్టించుకోలేదు. నిన్న ఇతన్ని తీసుకెళ్ళారని విన్నాక గుర్తొచ్చింది. రాత్రంతా నిద్రపోలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది కదండీ. ఎవరితో చెప్పను?"

"ఇంక దాన్ని అడక్కండి" అంది అక్కయ్య. "నేనే. నాలుగింటికే ఇచ్చాడు. కుట్టుపని వీడియోలు చూద్దామని ఆన్ చేసి, టైమ్ పెట్టా. చెల్లెలి ఫైళ్ళు అన్నీ ఉన్నాయో లేదోనని ఒక్కోటీ తెరిచా. ఒట్టు, అందుకే తెరిచా. అది కనబడింది. మూసేశా. మళ్ళీ తెరిచా."

"తర్వాత?"

"కాగితం మీద ఎక్కించి పిల్లకిచ్చా. ముఖ్యమైన ప్రశ్నలు, ఎవరో టీచరిచ్చారని చెప్పా. దానికేం తెలీదు. స్నేహితురాలికి ఫోన్లో చదివి వినిపించిందట. అంత దూరం పోతుందని అనుకోలేదు."

"మరి ఇతన్నెందుకు ఇరికించారు?"

"భయమేసింది. ఐదున్నర అని నోటికొచ్చేసింది. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయా." అక్కయ్య చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు చదువుకోవాలని నేను బడి మానేశా. ఏనాడూ బాధపడలేదు చిట్టీ. నా కూతురు కూడా మధ్యలో ఆగిపోతుందంటే మాత్రం తట్టుకోలేకపోయా."

టీచరమ్మకు ఏడుపు ఆగలేదు. అక్క మీద కోపమో, జాలో, తన మీద తనకే అసహ్యమో ఆమెకే తెలియలేదు.

"నువ్వెళ్ళు నాయనా. సాయంత్రానికి షాపు సీలు తీయిస్తా" అంది ఇన్‌స్పెక్టర్.

మెకానిక్ కదల్లేదు. "ఆ బ్యాటరీ వేసేసి ఉంటే?" అన్నాడు.

"లోపల ఉండేవాడివి."

అతను టీచరమ్మను చూశాడు. మెట్లు దిగిపోయాడు.

అక్కయ్య చెప్పులేసుకుంది. హెడ్ కానిస్టేబుల్ పక్కకు జరిగి దారిచ్చాడు. ఆవిడ గుమ్మంలో ఆగి వెనక్కి చూసింది.

"జరిగిందంతా చెబుతూ బోర్డు వాళ్ళకి ఉత్తరం రాయాలేమో కదా నువ్వు. ప్లగ్ పీకెయ్యకు. మళ్ళీ టైమ్ పెట్టుకోవాలి."

జీప్ వెళ్ళిపోయింది. టీచరమ్మ తెర ముందే కూర్చుండిపోయింది. మూలన టైమ్ సరిగ్గా నడుస్తోంది. 11:25. పన్నెండున్నరకి పిల్ల ఇంటికొస్తుంది. వస్తూనే, అమ్మేది పిన్నీ అని అడుగుతుంది.