తర్వాతి సర్వీసు తేదీ

సముద్రంలో డైవింగుకు కావాల్సినవి అమ్మే దుకాణం చేతికొచ్చిన రోజున అతని దగ్గరున్న సరుకు ఇంతే: పదకొండు మాస్కులు, కాళ్లకు తొడిగే ఫిన్స్ ఏడు జతలు, నాలుగు రబ్బరు సూట్లు, నీళ్లలో గాలి అందించే రెగ్యులేటర్లు రెండు, నాన్న వదిలివెళ్లిన పనిముట్ల పెట్టె, చిరిగిన సూట్లకు మాట్లు వేసే మేనత్త ఒకరు. అత్తకు తప్ప అన్నిటికీ గ్యారంటీ ఉంది.

ఆమె మొదటిసారి వచ్చింది వానలో. సముద్రం అడుగున పగడపు దిబ్బలు లెక్కపెట్టే ఉద్యోగమట. మాస్కు కావాలంది.

"బెల్టు తలకి తగిలించకండి. మొహానికి ఆనించి ముక్కుతో కాస్త గాలి పీల్చండి. చెయ్యి వదిలేసినా పడకపోతే అది మీది" అన్నాడు.

పది మాస్కులు ఒక్కొక్కటే జారి అతని అరచేతిలో పడ్డాయి. పదకొండోది నిలిచింది. నల్లరబ్బరు అంచు మధ్య నుంచి రెండు పెద్ద కళ్లు అతన్ని చూశాయి.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" ముక్కు మూసుకుపోయిన గొంతుతో అడిగింది.

"మాట్లాడితే పడిపోతుంది."

"అయితే ఇది నాకు సరిపడదు."

నవ్వింది. నవ్వగానే మాస్కు జారింది. పట్టుకున్నాడు. అప్పుడామె దాన్ని వెనక్కి తిప్పి, మోడల్ నంబరుకి ఫోన్లో ఫొటో తీసుకుంది.

అతనికి ఒళ్లు మండింది. "ఆన్‌లైన్లో ధర చూస్తున్నారా?"

"చూడటం తప్పా?"

"తప్పేం కాదు. నా దగ్గర కాలు కొలిపించుకుని వాడి దగ్గర చెప్పులు కొన్నట్టు."

"వాడు పాతిక శాతం తక్కువకిస్తున్నాడండీ, ఓనరు గారూ."

"వాడు మీ మొహం చూడలేదుగా!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. లోపల అత్త కుట్టుమిషను టక్కున ఆగిపోయింది. ఆమె గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

"బేరం పోయిందిరా" అంది అత్త. "చెవులెందుకు ఎర్రబడ్డాయి?"

తొమ్మిదో రోజున ఆమె అట్టపెట్టెతో మళ్లీ వచ్చింది. పెట్టెలో ఆన్‌లైన్లో కొన్న మాస్కు, అక్కడే కొన్న రెగ్యులేటరు. మాస్కు నిమిషానికోసారి మసకబారుతోంది. రెగ్యులేటరు గాలి తెరవగానే బుస్సుమంటోంది.

"కొన్నచోటే అడుక్కోండి అనొచ్చు మీరు" అంది, ముందే ఒప్పేసుకుంటున్నట్టు.

"చెప్పులైతే అలాగే అనేవాణ్ణి. ఇది ముప్పై మీటర్ల కింద మీరు పీల్చే గాలి."

విప్పాడు. లోపల చిటికెనవేలి గోరంత రబ్బరు రింగు నలిగిపోయి ఉంది. కొత్తది వేశాడు. ఎలా నలిగిందో చూపించాడు, ఎలా చూసుకోవాలో నేర్పాడు. మాస్కు అద్దానికి టూత్‌పేస్టు పూసి వేలితో రుద్దుతూ, "ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పొర ఇది. పోతే గానీ మసక వదలదు" అన్నాడు.

"ఆన్‌లైన్ వాడు ఇవేవీ చెప్పలేదే?"

"అందుకేగా పాతిక శాతం తక్కువ."

ఈసారి ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత రెండు వారాలు ఆమె రోజూ సాయంత్రం వచ్చింది. ఒకరోజు స్క్రూ బిగించడానికి, ఒకరోజు ఊరికే, ఒకరోజు "ఊరికే రాలేదు" అని చెప్పడానికి. ఎదురుగా స్టూలు మీద కూర్చుని పగడాల గురించి చెప్పేది. అతను చేతిలో ఉన్న నట్టునే మళ్లీ మళ్లీ తుడిచేవాడు.

పదిహేనో రోజున చెప్పింది. దూరపు దీవుల్లో సర్వే. పడవ పదిహేను రోజులకొకటి. ఫోను సిగ్నలు దేవుడెరుగు. ఎన్నాళ్లో తెలియదు.

ఆ దుకాణంలో నాన్ననాటి పద్ధతి ఒకటుంది. సర్వీసు చేసిన ప్రతి పరికరానికీ ఒక పసుపుపచ్చ కార్డు కడతారు. దాని మీద చేసిన తేదీ, తర్వాతి సర్వీసు తేదీ, సంతకం. మామూలుగా ఏడాది గడువు. నాన్న ఆ కార్డు మీద ఒక్క తేదీ కూడా తప్పు రాయలేదు. హార్బరులో ఆ సంతకం చూశాకే నీళ్లలోకి దిగేవాళ్లున్నారు.

ఆమె రెగ్యులేటరుకు కట్టాల్సిన కార్డు ముందు పెట్టుకుని అతను కలం తీసుకున్నాడు. ఏడాది అంటే పన్నెండు నెలలు. పన్నెండు నెలలు చాలా ఎక్కువ అనిపించింది. ఆరు నెలలకు రాసేశాడు.

ఆమె కార్డు చదివింది. అతని మొహం చూసింది. మళ్లీ కార్డు చూసింది.

"ఆరు నెలలేనా?"

"ఉప్పునీళ్లు కదండీ" అన్నాడు, గోడ మీద ఫిన్స్‌తో మాట్లాడుతున్నట్టు.

"సరే, ఓనరు గారూ. గడువు దాటను."

ఆ ఆరు నెలలూ అతను వ్యాపారం బాగానే చేశాడు. కొన్నవాళ్లకి కొసరుగా సలహాలిచ్చాడు, కొననివాళ్లకి టూత్‌పేస్టు చిట్కా ఊరికే చెప్పాడు. కానీ తలుపు గంట మోగినప్పుడల్లా మెడ దానంతటదే తిరిగేది. పరికరాలు వేలాడే వరసలో ఒక కొక్కేన్ని ఖాళీగా ఉంచాడు. "అక్కడ ఈ సూటు తగిలించరాదూ?" అని అత్త అడిగితే, కొక్కెం వదులుగా ఉందన్నాడు. అత్త లోపలికి వెళ్లగానే స్క్రూడ్రైవరు తెచ్చి గట్టిగా ఉన్న కొక్కేన్నే ఇంకాస్త బిగించాడు.

గడువు రోజు గంట మోగింది. వచ్చింది కొరియరు.

"మనిషొస్తుందనుకుంటే పెట్టె వచ్చిందేమిట్రా!" అంది అత్త.

అదే ఆన్‌లైన్ అట్టపెట్టె. లోపల రెగ్యులేటరు, ఒక చీటీ. "గడువుకే పంపాను. కొన్నది వాళ్ల దగ్గరైనా, నమ్మేది మీ కార్డునే."

విప్పి చూశాడు. రింగులన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. కడిగి, తుడిచి, ఎంత శ్రద్ధగా చూసుకుందో ప్రతి మరలోనూ కనబడుతోంది. మార్చాల్సింది ఒక్కటీ లేదు.

ఊరికే నాలుగు రింగులు మార్చి, కొత్త కార్డు కట్టి పంపేయొచ్చు. ఇంకో ఆరు నెలలకు ఇంకో పెట్టె వస్తుంది. ఎవరికీ తెలియదు. కానీ ధరలో ఆన్‌లైన్ వాడితో తను ఎన్నటికీ తూగలేడు. వాడి దగ్గర లేనిదీ తన దగ్గర ఉన్నదీ ఆ పసుపు కార్డు ఒక్కటే. దాన్నే అబద్ధం చేసుకుని కూర్చున్నాడు.

నిజం చెబితే ఆ కార్డు మీద ఆమెకున్న నమ్మకం పోతుంది. దాంతో ఆమే దూరమైపోవచ్చు.

కొత్త కార్డు మీద ఇలా రాశాడు: "దీనికి సర్వీసు అవసరం లేదు. ఏడాది రాయాల్సింది. మీరు త్వరగా వస్తారని ఆరు నెలలు రాశాను. తప్పు పరికరానిది కాదు, నాది." సంతకం పెట్టాడు. అత్త చదివింది. పెట్టెకి టేపు తనే వేసింది.

ఒక పడవ వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది కూడా వచ్చింది. జవాబు లేదు. ఖాళీ కొక్కేనికి సూటు తగిలించడానికి అతను చెయ్యెత్తాడు, దించేశాడు.

నాలుగో పడవ రోజున వాన. తలుపు గంట మోగింది. ఈసారి భయంతో మెడ తిరగలేదు.

"మాన్యువల్ పన్నెండో పేజీ" అంది వెనక నుంచి తడిసిన గొంతు. "సర్వీసు ఏడాదికోసారి. కొన్న రోజే చదివాను."

అతను తిరిగాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలో పసుపు కార్డు మాత్రం ప్లాస్టిక్ కవరులో పొడిగా ఉంది.

"తెలిసే పంపారా?"

"తెలిసే. ఊరికే రింగులు మార్చి పంపితే, ఇక మీదట అన్నీ ఆన్‌లైన్లోనే కొనుక్కుందామనుకున్నా."

"మరి మూడు పడవలు..."

"సర్వే సగంలో వదిలి రావాలా? లెక్క పూర్తి చేసి, తర్వాతి పని ఈ తీరంలోనే రాయించుకుని వచ్చాను." గొంతు తగ్గించింది. "నేను కూడా రోజులు లెక్కపెట్టానయ్యా. పగడాలకన్నా కష్టంగా ఉంది."

"మీరు..."

"ఇంకా మీరేనా?"

"నువ్వు... నువ్వు ఉండిపోతావా?"

"చెయ్యి వదిలేసి చూడు. పడిపోతానేమో."

అప్పుడు గానీ తను ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నట్టు అతనికి తెలియలేదు. వదిలాడు. ఆ చెయ్యి అతని చేతిలోనే ఉంది.

అత్త కొలత టేపు పట్టుకుని లోపలినుంచి వచ్చింది. "తడిసిపోయావు, రామ్మా. సూటు కుడతాను, కొలతలివ్వు. చెప్తున్నా, సూటు సరిగ్గా కుదరాలంటే రోజూ వచ్చి ఒంటికి చూసుకోవాలి."

"రోజూనా అత్తయ్యా? ఎన్నాళ్లు?"

"ఉప్పునీళ్లు కదమ్మా" అంది అత్త, మేనల్లుడి వైపు చూడకుండా.

ఆ సాయంత్రం అతను సరుకు చూసుకున్నాడు. మాస్కులు నాలుగు మిగిలాయి, ఫిన్స్ రెండు జతలు. ఆమెకు అతను అమ్మినది ఈనాటికీ గోరంత రబ్బరు రింగు ఒక్కటే. ఖాళీ కొక్కెం ఇప్పుడు ఖాళీగా లేదు. దానికి వేలాడుతున్న రెగ్యులేటరుకు కొత్త కార్డు కట్టి ఉంది. తర్వాతి సర్వీసు తేదీ దగ్గర, ఈసారి ఆమె దస్తూరీలో, "ఏడాది" అని ఉంది.