అన్నం తిన్నారా అని అడిగే గది

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా, నాకు మిగిలిన రెండు పళ్ళూ ఈ క్షణమే రాలి ఈ గిన్నెలో పడాలి.

మేకాంగ్ నది ఒడ్డున మా ఊరి మునిసిపల్ ఆఫీసు వెనక మైకు గది ఉంది. ఊళ్ళో స్తంభాల మీదున్న నలభై లౌడ్‌స్పీకర్లూ... నాలుగు వందలనుకో... ఆ గదిలోని కంప్యూటరుకే కట్టి ఉంటాయి. పొద్దు గూకాక ఆ దారిన కుక్క కూడా నడిచేది కాదు. ఎందుకంటే, సరిగ్గా ఆరున్నరకి, చచ్చిపోయిన గుమాస్తా విచియన్ గొంతు ఊరంతా వినబడేది.

"అన్నం... తిన్నారా...?"

మూడేళ్ళలో పదకొండు మంది ఆపరేటర్లు పారిపోయారు. ఒకడైతే చెప్పులు కూడా వదిలేసి అవతలి లావోస్ ఒడ్డుకి ఈదేశాడు. పన్నెండోది సుపాత్ర. టెంపరరీ ఉద్యోగం.

"రేపు సాయంత్రం జిల్లా అధికారి వస్తున్నాడు," అన్నాడు మేయరు. "ఆ గొంతు ఆయన చెవిన పడిందా, నీ ఉద్యోగం సంగతి మర్చిపో అమ్మాయ్."

ఆ రోజే సాయంత్రం ఆరున్నరకి గొంతు రానే వచ్చింది. అది ఆగీ ఆగగానే సుపాత్ర గదిలోకి వెళ్ళింది. ఊడ్చే బున్‌మా గుమ్మం దాటలేదు. చెయ్యి మాత్రం చాపి, కంప్యూటరు ముందు ఎర్ర సోడా పెట్టింది, స్ట్రా వేసి.

"ఆయనకి ఇష్టం," అని గుసగుసలాడింది.

"బతికుండగానా?"

"చచ్చాకే. బతికుండగా సారా."

కంప్యూటరు తెర మీది కిటికీలన్నీ మూసే ఉన్నాయి. పాతవాళ్ళ పొరపాటు అదే. కిటికీ మూస్తే పని ఆగిందనుకున్నారు. మెషీన్ని ఆర్పే ధైర్యం మాత్రం ఒక్కడికీ లేదు. సుపాత్ర ఆజ్ఞలు కొట్టే నల్ల తెర తెరిచి, కంటికి కనబడకుండా వెనక నడుస్తున్న పనుల జాబితా అడిగింది.

ఒకటి... మొదలై మూడేళ్ళు. మొదలుపెట్టినవాడు, విచియన్.

మర్యాదగా ఆగమని ఆజ్ఞ ఇచ్చింది. ఆ వరస మాయమైంది. ఊపిరి పీల్చేలోగా మళ్ళీ వచ్చింది... కొత్త నెంబరుతో!

"అక్కా... లేచాడా?"

"లేచాడు."

మర్యాదలేని ఆజ్ఞ ఇంకొకటుంది, తొమ్మిదో నెంబరుది. దానికి బతిమాలుడు ఉండదు. మాకేమో తొమ్మిదంటే పెళ్ళిళ్ళకి వాడే శుభమైన అంకె. దాంతో చంపడమా? దణ్ణం పెట్టుకుని మరీ కొట్టింది. ఆ పని చచ్చింది. లేచింది.

అప్పుడు చూసింది, పక్కనే దాన్ని పుట్టించిన తల్లి నెంబరు. ఆ తల్లి పనల్లా ఒక్కటే... పిల్ల చస్తే ఇంకో పిల్లని కనడం! ముందు తల్లిని చంపింది. తర్వాత పిల్లని. జాబితా ఖాళీ. రికార్డయిన గొంతు కూడా చెరిపేసింది. అక్కడితో ఆగిందా? ప్లగ్గు పీకి, వైరు చుట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

మర్నాడు ఆరు ఇరవై తొమ్మిది. గుమ్మంలో అధికారి. మేయరు ఛాతీ మూడడుగులు ఉబ్బింది.

"చూశారా సార్, మా ఊళ్ళో దెయ్యాల్లాంటివేం..."

నాలుగు వందల లౌడ్‌స్పీకర్లు గొంతు సవరించుకున్నాయి.

"సుపాత్రా... అన్నం తిన్నావా?"

"తి... తిన్నాను బాబాయ్."

"మరి... వీళ్ళు?"

అధికారి మెట్లు దిగలేదు, ఎగిరాడు. కారులోంచే కాగితం మీద సంతకం గిలికి బయటికి విసిరాడు — ఈ గదిలో ఈమె తప్ప ఇంకెవరూ పనిచెయ్యరాదు, వెంటనే పర్మనెంటు చెయ్యండి!

ఆ వైరు ఇవాళ్టికీ ఆవిడ బ్యాగులోనే ఉంది. నవ్వకు. ఆరున్నర కావస్తోంది. నువ్వు గబగబా వీధి చివర కొట్లో ఎర్ర సోడా ఒకటి కొని ఆ గుమ్మంలో పెట్టిరా. స్ట్రా మర్చిపోకేం... పోయినసారి మర్చిపోతే, నా పేరు పెట్టి అడిగాడు.