ఎర్ర తోకల చేపలు

పొద్దున్నే అల్లుడు ఆఫీసుకి, కూతురు వీధి చివరి మందుల షాపులో పనికి వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. పెద్దాయన కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, హాల్లో చేపల తొట్టె ముందు కూర్చున్నాడు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. భార్య పోయాక కూతురింటికి చేరాడు గానీ, ఇక్కడ పొద్దు గడవడం లేదు.

అల్లుడి ప్రాణమంతా ఆ తొట్టెలోనే ఉంది. పాలరంగు ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, కుచ్చిళ్ళలా ఊగే ఎర్ర తోకలు. ఆల్బినో గప్పీలట. ఏళ్ళ తరబడి జతలు కలిపి ఆ రంగు నిలబెట్టుకొచ్చాడు. అందులో ఒకటి నిండు చూలుతో ఉంది.

నీళ్ళు కాస్త పచ్చగా అనిపించాయి. పైన తేలే ఆకులు వెలుతురుకు అడ్డుపడుతున్నాయి. ‘పాపం, చీకట్లో మగ్గుతున్నాయి. శుభ్రం చేసిపెడితే అమ్మాయికీ అల్లుడికీ ఒక పని తప్పుతుంది’ అనుకున్నాడు. చేపల్ని గిన్నెలోకి తీసి, తొట్టె తోమి, ఆకులు పారేసి, కుళాయి నీళ్ళు నింపాడు. చేపల్ని వదిలి పెద్ద లైటు వేశాడు.

కాసేపటికే అవి పైకి తేలి నోళ్ళు తెరవసాగాయి. ఒకటి పక్కకి ఒరిగిపోయింది. ఆయన కంగారుపడి కూతురికి ఫోన్ చేశాడు.

ఆమె భర్తకి కబురు చెప్పి, పరుగున వచ్చింది.

“ఎవరు ముట్టుకోమన్నారు నాన్నా? కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది! వాటి కళ్ళకి అంత లైటు పడదు! ఊరికే కూర్చోలేవా?”

“కూర్చోవడానికే భయమేస్తోంది తల్లీ. మొన్న ఫోన్లో నీ స్నేహితురాలితో అన్నావుగా, నాన్న వచ్చాక పని పెరిగిందని. కాస్త తగ్గిద్దామనుకున్నాను.”

ఆయన గదిలోకి వెళ్ళి బ్యాగు తీసి చొక్కాలు సర్దుకోసాగాడు.

అంతలో అల్లుడు రొప్పుతూ వచ్చాడు. “మామయ్యా, ఇలా రండి! బాల్కనీలో బకెట్లో క్లోరిన్ పోయిన నిలవ నీళ్ళున్నాయి, అందుకోండి!”

పెద్దాయన చొక్కా వదిలేసి పరుగెత్తాడు. అల్లుడు లైటు ఆపి, క్లోరిన్ విరిచే మందు వేసి, గాలి పంపు పెంచాడు. “మగ్గుతో మెల్లగా పోయండి. చెయ్యి అడ్డం పెట్టండి.”

చంటిపిల్లకి తలమీద పోసినట్టు పోశాడాయన. ఒరిగిన చేప దక్కలేదు. మిగతావి ఒక్కొక్కటే కిందికి దిగి, తోకలు విప్పుకున్నాయి.

“క్షమించు బాబూ.”

“ఇన్నాళ్ళుగా వాటి సంగతి మీకు ఒక్క ముక్కైనా చెప్పానా? తప్పు నాది కూడా మామయ్యా.”

సాయంత్రం చూలు చేప ఈనింది. తల్లి తన పిల్లల్నే తినేయకుండా అల్లుడు దాన్ని వేరే గిన్నెలోకి మార్చాడు. కంటికి ఆనీ ఆనని పిల్లలు, సూది మొనంత ఎర్ర కళ్ళు.

కూతురు వచ్చి తండ్రి పక్కన చతికిలపడింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“ఆ రోజు అలిసిపోయి ఏదో వాగాను నాన్నా. నువ్వు బరువని అన్నానా?”

“అన్నావనే అనుకున్నాను.”

“వెంటనే నన్ను అడిగేయొద్దూ? దెబ్బలాడొద్దూ?”

“నీతో దెబ్బలాడి నెగ్గినవాడెవడమ్మా?”

ఆమె ఏడుస్తూనే నవ్వి, ఆయన భుజం మీద తల వాల్చింది. “నీ చొక్కాలన్నీ మళ్ళీ అలమార్లో పెట్టేశాను. ఇక నువ్వు కదిలావంటే ఊరుకోను.”

ఆయన ఆమె తల నిమిరాడు.

“ఎక్కడికెళ్తాను? ఇంతమంది పసిపిల్లల్ని మీ ఇద్దరి చేతుల్లో పెట్టి!”