వాగు ఎండిన ఆదివారం

అప్పట్లో ఇంట్లో నలుగురం ఉండేవాళ్లం. మంచంలో అవ్వ, కుట్టుమిషన్ దగ్గర చిన్నమ్మ, ఉయ్యాలలో ఆమె చంటోడు, తలుపు పక్కన నేను. అమ్మానాన్న పుణెలో బిల్డింగు పనికి పోయి దసరా నుంచి రాలేదు. ఇంట్లో నన్ను పిలిచేది పని చెప్పడానికే.

ఆదివారాలు మాత్రం వేరు. కాలేజీ సార్ మమ్మల్ని జోడీలుగా వాగు నీళ్లు పరీక్షించమన్నారు. నా జోడీ పక్క ఊరి సాయితేజ.

పొడుగాటి గొట్టం నిండా వాగునీళ్లు పోస్తాం. నేను పైనుంచి చూడాలి, అతను కింద క్లిప్పు వదలాలి. అడుగున నల్లగుర్తు కనబడగానే నేను "ఆగు" అనాలి. ఎంత ఎక్కువ నీళ్లు మిగిలితే వాగు అంత తేట.

మొదటి రోజే గొట్టం ఖాళీ అయింది.

"ఏంది, కనబడలేదా?"

"ఎప్పుడో కనబడ్డది."

"మరి చెప్పవేంది?"

"చెప్పిన."

"ఎవరికి? చేపలకా?"

మళ్లీ నింపాం. మళ్లీ ఖాళీ. కొన్ని వారాలకు నా గొంతు లేచింది. అయినా కావాలనే మెల్లగా అనేదాన్ని. అతను విసుక్కుంటూ మళ్లీ నీళ్లు ముంచుతుంటే, అతని తడిసిన మోచేతులు చూస్తూ కూర్చోవచ్చు.

మార్చిలో వాగు ఎండిపోయింది. ఆ ఆదివారం గొట్టం తీసుకుపోవడానికి సాయితేజ మా గడప దగ్గరికి వచ్చాడు.

"వానలు పడ్డంక సార్ జోడీలు మారుస్తడంట," అన్నాడు. "నాకు శిల్ప."

శిల్ప పిలిస్తే అవతలి గట్టు మీది గొర్రెలు కూడా ఆగుతాయి.

"ఎందుకు?" అన్నాను.

"నీ మాట ఇనబడ్తలేదని మొదట్ల సార్‌కు నేనే చెప్పిన. ఇప్పుడేం చెప్పమంటవ్ రేణుకా?"

లోపల మిషన్ ఆగింది. నేను గొట్టం అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని వెనక కట్టుకుని సైకిల్ ఎక్కాడు.

అతను మలుపు తిరిగితే నాకిక ఆదివారాలు లేవు.

"ఆగు!"

ఉయ్యాలలో చంటోడు ఉలిక్కిపడి ఏడ్చాడు. "ఎవరే గట్ల అరిచింది?" అని అవ్వ లేచి కూర్చుంది.

సాయితేజ కాలు నేల మీద ఆన్చి వెనక్కి చూశాడు. మెల్లగా నవ్వాడు.

"ఇనబడ్డది," అన్నాడు. "సార్‌కు గదే చెప్త."

నేను గడప దాటబోయాను. చిన్నమ్మ నన్ను లోపలికి లాగి, నా ముఖం ముందే తలుపు మూసింది.