పది నిమిషాలు కదలకుండా

పొద్దున ఎనిమిదింటికి, వ్యాన్ ఎక్కి సీటు బెల్టు పెట్టుకుంటున్న ఎలక్ట్రీషియన్‌ని కాల్చేశారు. సైలెన్సర్ ఉన్న తుపాకీ, ఒకే ఒక్క గుండు. సీట్లో కునుకు తీస్తున్నాడనుకుని పక్క షాపతను మధ్యాహ్నం దాకా పలకరించనే లేదు.

పోయినవాడు ఒక విదేశీ ముఠాకి ఇల్లు సిద్ధం చేసి ఇచ్చాడు. లైట్లు, ఏసీలు, తాళాలు, కెమెరాలు, స్పీకర్లు అన్నిటినీ ఒకే వెబ్ పేజీకి తగిలించాడు. భూమ్మీద ఏ మూల కూర్చునైనా సరే, బ్రౌజర్ తెరిచి బటన్ నొక్కితే ఇక్కడ తలుపు బిగుసుకుంటుంది. పని పూర్తయింది కాబట్టి ముఠా అతన్ని పూర్తి చేసింది. ఏరు దాటగానే తెప్ప తగలేయడం వాళ్ళకి అలవాటు.

మూడో రోజు పొద్దున డిపార్ట్‌మెంట్ చీఫ్, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, ఏజెంట్ పాదరసాన్ని పిలిపించాడు. పాదరసం అన్నది చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు. కుదురుగా కూర్చోవడం అతని జాతకంలో లేదు. డిపార్ట్‌మెంట్ కూడా శ్రమపడకుండా ఆ పేరునే కోడ్‌నేమ్ చేసింది. ఇప్పుడు కూడా అతని మోకాలు టేబుల్‌కి తగిలి కప్పులు గలగలలాడుతున్నాయి.

"కాలు," అన్నాడు పెద్దాయన.

"సారీ సర్."

"మన ఫైలు పోయింది. విదేశాల్లో ఉన్న పదకొండుమంది ఏజెంట్లు. ఫొటోలు, మారుపేర్లు, అడ్రసులు. లోపలివాళ్ళే ఎవరో లాగేశారు. అదిప్పుడు ఆ ఇంట్లో సర్వర్ గదిలో ఉంది. ఇవాళ పన్నెండింటికి దానంతటదే బయటికి వెళ్ళిపోతుంది. అవతలివాళ్ళు లైన్ తెరిచేది ఒక్క నిమిషమే. పన్నెండు నుంచి పన్నెండూ ఒకటి."

"రైడ్ చేస్తే?"

"కెమెరాలో యూనిఫాం కనబడితే చాలు, తలుపులన్నీ బిగించేస్తారు. కోసుకుని లోపలికెళ్ళేసరికి ఒంటిగంట. మెయిన్ కరెంటు పీకినా బ్యాటరీలున్నాయి. ఒక్కడే వెళ్ళాలి."

"ఆ పదకొండుమందిలో..."

"ఆరో పేరు మీ అక్కది."

కాలు మళ్ళీ ఊగింది. ఈసారి పెద్దాయన తన కప్పుని పక్కకి జరుపుకున్నాడు.

పరికరాల సెక్షన్‌లో బావ ఎదురుచూస్తున్నాడు. అక్క భర్త. బటన్ కెమెరా, సిగ్నళ్ళని అడ్డుకునే జామర్ దాచిన పెన్ను, మడమలో కట్టర్ ఉన్న బూటు. మామూలుగా ఒక్కో వస్తువు ఇస్తూ పది జోకులు వేసే మనిషి, ఇవాళ సంతకం పుస్తకం కూడా తలకిందులుగా ముందుకు తోశాడు.

"ఒరేయ్ బావమరిదీ, ఇవన్నీ పోయినా ఫర్వాలేదు," అన్నాడు. "మీ అక్క నాకు కావాలి."

"నాకూ కావాలి బావా."

పదకొండింటికి పాదరసం ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన గ్యాస్ సిలిండరుతో ఆ ఇంటి వంటగదిలోకి అడుగుపెట్టాడు. కూరగాయలు తరుగుతున్న వంటావిడ తలెత్తింది.

"ఏసీ తర్వాత, ముందు ఈ లైట్ల సంగతి చూడు బాబూ. పది నిమిషాలు కదలకుండా ఉంటే చాలు, గదిలో మనిషి లేదనుకుంటుంది ఈ మాయదారి ఇల్లు. ఆ గదికి కరెంటు మొత్తం బంద్. బాత్రూంలో కూర్చుని చేతులూపుకుంటూ ఉంటాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు."

"మార్పించుకోకపోయారా పిన్నీ?"

"వీళ్ళ పేజీలో ఉన్నవి బటన్లే. రూలు మార్చాలంటే వేరే పాస్‌వర్డ్ కావాలట. అది పెట్టిన అబ్బాయికే తెలుసు. ఆ అబ్బాయేమో పోయాడు." ఆవిడ కత్తి ఆగింది. "ఈ ఇంట్లో నన్ను 'తిన్నావా' అని అడిగింది అతనొక్కడే."

సర్వర్ గది నడవా చివర ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. కిటికీ లేదు. లోపల ఒక లావుపాటి కాపలావాడు చక్రాల కుర్చీలో అటూ ఇటూ తిరుగుతూ కూర్చున్నాడు. పాదరసం చెయ్యి పెన్ను దాకా వెళ్ళిందో లేదో, వీపుకి తుపాకీ తగిలింది. వెంటనే ఖరీదైన సెంటు వాసన వచ్చింది.

"పెన్ను నాకివ్వు. బూట్లు కూడా విప్పు. ఆ బటన్ కెమెరాకి పోయినేడు సంతకం పెట్టి తీసుకున్నది నేనే కదా."

మైనా. రెండేళ్ళుగా అతని పక్క టేబుల్లో కూర్చున్న ఏజెంట్. ఎర్ర గౌను, నల్ల కళ్ళద్దాలు, ఎప్పుడూ చెరగని నవ్వు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పాదరసం ఎంత! ఆమె టిఫిన్ బాక్సులోంచి తను తిన్న ముద్దలన్నీ గుర్తొచ్చి అతనికి సిగ్గేసింది.

గోడలో గాజు బీరువా, అందులో సర్వర్. దాని ఇనుప కాలికి అతన్ని బేడీలతో కట్టేశారు. మైనా కాపలావాడి వైపు తిరిగింది.

"నువ్వూ రా, ఎయిర్‌పోర్టుకి పోదాం. ఇక నీ డ్యూటీ ఇతను చేస్తాడు."

ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. కారు కదిలిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే తలుపు దానంతటదే మూసుకుంది. అయస్కాంత తాళం ఠప్పుమంది.

గాజు వెనక స్క్రీన్ మీద టైము 11:31.

పాదరసం గాజుని తన్నాడు. కాలి బొటనవేలు చిట్లింది గానీ గాజు మీద గీత పడలేదు. బేడీ లాగాడు, మణికట్టు చర్మం లేచింది. అరిచాడు. ఆ గది అరుపుని కూడా బయటికి పోనివ్వదు. అతను కదిలినప్పుడల్లా పైకప్పులో ఒక చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. అక్క అక్కడ ఏ ఊళ్ళోనో, ఏ మారుపేరుతోనో, ఈ పూట తీరిగ్గా బట్టలు ఆరేసుకుంటూ ఉంటుంది. ఇంకో అరగంటలో తన అడ్రసు చేతులు మారుతుందని ఆమెకి తెలియదు.

"ఎలా ఉంది మా ఇల్లు?" స్పీకర్లో మైనా గొంతు. "కార్లో కూర్చుని ఫోన్లో బ్రౌజర్ తెరిచాను. చూడు, లైటు ఆపుతా, వేస్తా. చెమట పడుతోందా? ఏసీ పదహారు."

చల్లటి గాలి మీద పడింది. పాదరసం మోకాలు ఊగుతోంది. పైన ఎర్ర దీపం వెలుగుతోంది, ఆరుతోంది.

దాన్నే చూస్తూ ఉండగా ఒక మాట బుర్రలో తట్టింది. కాపలావాడి డ్యూటీ తను చేస్తాడట! ఏం డ్యూటీ? వాడు తలుపు కాయలేదు, తుపాకీ పట్టలేదు. కుర్చీలో అటూ ఇటూ తిరిగాడు, అంతే. ఈ గదికీ అదే రూలు! మార్చే పాస్‌వర్డ్ ఉన్నవాణ్ణి చంపేసుకుని, సర్వర్ ఆరిపోకుండా ఒక మనిషిని కూర్చోబెట్టి కదిలిస్తున్నారు. ఇప్పుడా పని తను జీతం లేకుండా చేస్తున్నాడు. బ్యాటరీలు ఎన్ని ఉంటేనేం, గది స్విచ్చే ఆరిపోతే?

టైము 11:46. పాదరసం రాయిలా బిగుసుకున్నాడు.

ఒక నిమిషం గడిచింది. రెండు. పాదాల్లో చీమలు పాకాయి. మూడు. జన్మలో ఇంతసేపు ఊరుకున్నది లేదు. అప్పుడు ఏసీ గాలికి ముక్కు చివర దురద మొదలై, పెరిగి, తుమ్మయింది. ఎర్ర దీపం భగ్గున వెలిగింది.

గడియారంలో 11:49, యాభై సెకన్లు.

మళ్ళీ మొదటినుంచి పది నిమిషాలు. అంటే పన్నెండుకి పది సెకన్లు తక్కువ. ఇంకో తుమ్ము వస్తే అక్క లేనట్టే. చిన్నప్పుడు అన్నం దగ్గర అక్క తొడ మీద ఒక్కటిచ్చేది. "కాలు ఊపకురా, చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి." ఆ దెబ్బనే తలుచుకుంటూ అతను ఆగిపోయాడు.

11:54. "ఏయ్, నిద్రపోయావా?" అంది మైనా. "నువ్వు నిద్రలో కూడా కాళ్ళూపుతావు కదా." ఆ తర్వాత గొంతులో నవ్వు పోయింది. "ఓహో. ఆ వంటావిడ వాగిందా?"

లైట్లు టపటపా కొట్టుకున్నాయి. స్పీకర్లో సైరన్ మోగింది. పాదరసం కదల్లేదు.

"మీ అక్కని పొద్దున్నే పట్టుకున్నారు, తెలుసా? నీ పేరే పిలిచిందట."

అది అబద్ధమే అయ్యుండాలి. అయినా కంట్లోంచి నీరు చెంప మీదుగా మెల్లగా జారింది. పైన దీపం వెలగలేదు. ఏడుపుని ఆ ఇల్లు లెక్కపెట్టదని అతనికి అప్పుడే తెలిసింది.

11:58. తలుపు తాళం వీడి తెరుచుకుంది. వంటగది స్పీకర్లో మైనా కేకలు ఇక్కడికి వినిపిస్తున్నాయి. "సర్వర్ గదిలోకి పరిగెత్తు! లోపలికెళ్ళి చేతులూపు!"

వంటావిడ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర ఆగింది. నేల మీద బొమ్మలా కూర్చున్న మెకానిక్‌ని, అతని చెంప మీద తడిని, గాజు వెనక గడియారాన్ని చూసింది. బాత్రూంలో చేతులూపిన అనుభవం ఊరికే పోలేదు.

"ఊపితే ఏమవుతుందమ్మా?"

"చెప్పింది చెయ్యి!"

"ఆ అబ్బాయి మీరు చెప్పిందల్లా చేశాడు కదమ్మా," అంది వంటావిడ. గడప బయటే నిలబడి చేతులు కట్టుకుంది.

"ఒసేయ్, నిన్ను..."

చీకటి. స్పీకర్ మాట మధ్యలో తెగిపోయింది. సర్వర్ హోరు తగ్గి, తగ్గి, ఆగిపోయింది. ఇంటినంతా నడిపే పెట్టె కూడా ఆ బీరువాలోనే ఉంది. ఒకసారి ఆరితే దాన్ని మళ్ళీ లేపడానికి కూడా పోయినవాడి పాస్‌వర్డే కావాలి.

పాదరసం అప్పుడూ కదల్లేదు. కదిలితే సర్వర్‌కి కరెంటు మళ్ళీ వస్తుంది. నడవాలో గోడ గడియారం ఉంది. ఆవిడ దాని వైపే చూస్తూ నిలబడింది.

"పన్నెండయింది బాబూ." చాలాసేపటికి మళ్ళీ, "పన్నెండూ రెండు. ఇక కదలొచ్చా?"

"కదలొచ్చు పిన్నీ," అన్నాడు పాదరసం. అతని రెండు కాళ్ళూ ఒక్కసారిగా ఊగడం మొదలుపెట్టాయి.

మైనా ఎయిర్‌పోర్టు క్యూలో దొరికింది. పట్టుకోవడానికి నలుగురు వెళ్ళి చుట్టూ నిలబడ్డా ఆమె తలెత్తలేదట. ఫోన్లో తెల్లటి పేజీ మీద గుండ్రంగా తిరుగుతున్న చక్రాన్ని రిఫ్రెష్ కొడుతూనే ఉందట. ఏరు సగంలో ఉండగానే తెప్ప తగలేసుకున్నవాళ్ళకి ఈత కూడా రావాలి.

ఆ సాయంత్రం మిషన్ రిపోర్ట్ రాశారు. "ప్రమాదం తప్పించడానికి ఏజెంట్ ఏమేమి చేశాడు?" అన్న గడిలో పాదరసం "ఏమీ చెయ్యలేదు" అని రాశాడు. వివరంగా రాయమని పెద్దాయన వెనక్కి పంపితే, బావ పెన్ను లాక్కుని కింద ఒక వాక్యం చేర్చాడు: "పుట్టి ముప్పై ఆరేళ్ళయ్యాక, మొదటిసారి."