బొటనవేలి చుట్టరికం

నాచుపేట ఒడ్డున సముద్రపు నాచు పెంచే తాళ్ళు లాగుతూ కాసులమ్మ ఒక్కసారి ఆగిపోయింది. పక్క తాడు దగ్గర నాచు కోస్తున్న ఆడవాళ్ళంతా ఆమెను "వదినా, వదినా" అని నోరారా పిలుస్తున్నారు. నిన్నమొన్నటిదాకా వీళ్ళే నీళ్ళలో హద్దుల కోసం ఆమెతో జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళు. అంతా వరసపెట్టె చలవ!

రక్తం పరీక్షించి వంశం చెప్పడాన్ని చట్టం నిషేధించాక, పాత దస్త్రాల్లోని వేలిముద్రలను పోల్చి చుట్టరికాలు తేల్చే ఈ యంత్రం పేటపేటకూ వచ్చింది. ఎవరిని బావ అనాలో, ఎవరిని బాబాయి అనాలో అదే చెబుతుంది. దాని అనుమతి లేనిదే పెళ్ళి లేదు. కిందటి వారం దానికి ఆవిరి ఓడల కాలంనాటి వర్తక నౌకల దస్త్రాలు అందాయి. ఆ రోజుల్లో ఈ పేట మగవాళ్ళంతా ఆ ఓడల మీద పనిచేసే కళాసీలే. దస్త్రాలన్నీ మింగి పెట్టె ఊరు అదిరిపోయే మాట చెప్పింది. కళాసీల పేర్లు వేరువేరే గానీ, ప్రతి పేరు పక్కనా ఉన్న బొటనవేలి ముద్ర ఒక్కటేనట. అది ఓడ వంటవాడు కోడా బంగారయ్యది. అంటే బంగారయ్యే మారుపేర్లతో అందరి జీతాలూ కాజేసి, పేటలో ఇంటింటా కాపురం పెట్టాడన్నమాట!

"ఓలమ్మో, ఏం మొగాడే!" అని నవ్వినవాళ్ళు నవ్వారు. కాసులమ్మకు మాత్రం గుండె గుభేలుమంది. ఆమె కూతురు రత్నాలుకు గురుమూర్తితో వచ్చే వారమే పెళ్ళి. పెట్టె లెక్కన వాళ్ళిద్దరూ ఇప్పుడు అన్నాచెల్లెళ్ళు. పెళ్ళి ఆగిపోయింది.

ఈ గోలలో సంతోషించినవాడు ఒక్కడే, బంగారయ్య మునిమనవడు బైరాగి. ఇడ్లీ కొట్టు నడుపుకునే ముసలాయన. పెళ్ళీ పెటాకులూ లేవు, నా అన్నవాళ్ళు లేరు. ఇప్పుడు పిల్లలు "తాతా" అంటూ ఆయన వీపెక్కుతున్నారు. చనిపోయిన తన భర్త ఆయనకు తమ్ముడి వరస అని తేలడంతో కాసులమ్మ కూడా "బావగారూ" అనవలసి వచ్చింది. మొదటిసారి అలా పిలిచినప్పుడు ఆయన మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఎలాగైనా పెళ్ళి నిలబెట్టాలని కాసులమ్మ కూతురిని వెంటబెట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్ళింది.

"అభ్యంతరం నమోదుకు బొటనవేలు ఉంచండి," అంది పెట్టె.

ఆమె ఉంచింది. "ముద్ర కనబడలేదు," అంది అది.

"నీ ఏలు ఎప్పుడు పడింది గనక! ఉండు, నాను పెట్టేత్తాను," అని రత్నాలు చెయ్యి చాపింది.

కాసులమ్మ చటుక్కున ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. తన వేలు వెలుతురులోకి తిప్పి చూసుకుంది. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో తాళ్ళు లాగి నున్నగా అరిగిపోయిన వేలు. మచ్చుకు ఒక్క గీత లేదు.

"ఏటే, మీ తాతలు ఓడల్లో ఏం పని సేసేవోళ్ళు?"

"తాళ్ళు లాగేవోళ్ళంట. ఎందుకే?"

కాసులమ్మ పెట్టె వైపు తిరిగింది. "ఇదిగో, ఇను. తాళ్ళు లాగినోళ్ళ ఏళ్ళన్నీ నా ఏలు లాగే అరిగిపోయుంటాయి. గరిటె తిప్పినోడి ఏలొక్కటే బాగుంటాది. జీతాలిచ్చే ఓడ దొర ముద్రెయ్యమంటే అందరికీ ఆ బంగారయ్యే ఏసుంటాడు. అంతమంది పనీ ఒక్కడే సేత్తే ఓడ కదులుద్దేటి?"

పెట్టె దస్త్రాలన్నీ మళ్ళీ తిరగేసింది. "నిజమే. వంటగదిలో ఉన్నవాడు అదే సమయంలో లంగరు దగ్గర ఉండలేడు," అంది చివరికి. "కొత్త వరసలన్నీ రద్దు చేస్తున్నాను."

రత్నాలు తల్లి మెడ చుట్టూ చేతులు వేసి గిరగిరా తిప్పేసింది.

మర్నాడు కొట్టు దగ్గర మళ్ళీ "ఏమయ్యా, రెండు ప్లేట్లు" అనే కేకలే వినిపించాయి. పిల్లల జాడ లేదు. కాసులమ్మ వెళ్ళి మాట్లాడబోతే, "పోన్లేమ్మా, మా ముత్తాత దొంగ కాడని తేలింది. నాకదే సాలు," అని బైరాగి పొయ్యి వైపు తిరిగిపోయాడు. కూతురి పెళ్ళి కోసం ఈ ముసలాయన చుట్టాలందరినీ లాగేసుకున్నానే అనుకుని కాసులమ్మ ఆ పూటంతా తిండి తినలేదు.

పెళ్ళి రోజున వరసపెట్టె పందిట్లోకి వచ్చింది. వధువు తల్లి ముద్ర కావాలంది. కాసులమ్మ వేలు ఎప్పటిలాగే పడలేదు. తల్లి బదులు పెళ్ళికూతురు వెయ్యడానికి లేదు, ఆమె ముద్ర అప్పటికే వధువుగా పడిపోయింది. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. కాసులమ్మ నాలుగు దిక్కులా వెతికి, పందిరి చివర నిలబడ్డ బైరాగిని చూసి గట్టిగా కేకేసింది.

"బావగారూ! అక్కడేం సేత్తన్నారు? ఇలా రండి!"

ఆయన బిత్తరపోయాడు. "పెట్టె రద్దు సేసేసింది కదమ్మా."

"అది రద్దు సేత్తే నాను మానేత్తానేటి? మావోళ్ళకి మీవోళ్ళు ఏలేసినారు. నాకు మీరెయ్యండి."

బైరాగి చెయ్యి పంచెకు తుడుచుకుని, వేలు పెట్టె మీద నొక్కిపెట్టాడు.

"వధువు తల్లి ముద్ర అందింది," అంది పెట్టె.

రత్నాలు పకపకా నవ్వింది. "అమ్మా, ఇంకో వందేళ్ళకి ఇది నువ్వూ ఆయనా ఒకటే మనిసంటాది!"

"అననీయే," అంది కాసులమ్మ. "ముందు మీ పెదనాన్నకి విస్తరెయ్యమను."